కైఫీయతుల దొర కర్నల్ మెకంజీ

హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణాన్ని ఆనుకొని తార్నాక ఉన్నది. ఆర్ట్సు కళాశాల భవనపు గాంభీర్యాన్ని చూచి పోదామని వచ్చే వారు వేలకొలది. ఆ సమీపంలోనే, తార్నాకలో, రాష్ట్ర ఆర్కైవ్స్ అనే పత్రభాండాగారం ఉన్నదని ఎరిగినవారు మాత్రం బహు కొద్దిమంది. షాజహాను, ఔరంగజేబు పాదుషాల కాలపు పారసీక పత్రాలు లక్షన్నరకు పైగా అక్కడ భద్రపరుపబడి ఉన్నవి. ఆ దఫ్తరాల సరసనే తెలుగు పల్లెల పూర్వకథలను తెలిపే కైఫీయతుల ప్రతులు కూడా చోటు చేసుకొన్నవి. మన చరిత్ర పరిశోధకుల గ్రంథాలలో పుట అడుగున తరచుగా కనిపించే పేరు ఒకటున్నది. అది ఈ కైఫీయతులను వ్రాయించిన మెకంజీ పేరు. ఆయన తెలుగువాడు కాడు. తెలుగు చదువనూ నేర్వలేదు. అయినను తెలుగు దేశపు గ్రామ చరిత్ర వ్రాయబూనినవారెవ్వరును ఆయన పేరు తలచకుండ ముందుకు సాగలేరు.

కాలిన్ మెకంజీ 1754లో స్కాట్లండు దేశానికి వాయవ్యాన ఉన్న లూయిస్ ద్వీపంలో, స్టోర్నొవే అనే రేవు పట్టణంలో జన్మించినాడు. యౌవనంలో ఆ రేవులోనే సుంకాల శాఖలో ఉద్యోగం చేసినాడు. గణితం మీద అతనికి మక్కువ ఎక్కువ. ఆ మక్కువయే అతని జీవితాన్ని మలుపు త్రిప్పినది. సంవర్గమానాలను కనుగొన్న జాన్ నేపియర్ వంశీకుడైన ఒక ప్రభువు, తన పూర్వీకుని చరిత్ర వ్రాయదలచి, హిందువుల గణితాన్ని గురించిన విషయాలు సేకరించే పనిలో మెకంజీని చేర్చుకొన్నాడు. ఆ ప్రభువు మరణించుటతో ఆ గ్రంథం సాగలేదు. కాని భారతదేశం మీద మెకంజీకి కలిగిన ఆసక్తి నిలిచిపోయినది. 1783లో, 29 ఏండ్ల వయస్సున, కుంఫిణీ సైన్యంలో ఉద్యోగం సంపాదించి అతడు చెన్నపట్నంలో ఓడ దిగినాడు. ఆ తరువాత 38 సంవత్సరాలు జీవించినా స్వదేశానికి ఒక్కసారి కూడా తిరిగి పోలేదు.

చెన్నపట్నం చేరిన కొలది కాలానికే మధురలో నేపియర్ ప్రభువు కుమార్తె ఇంట అతనికి ఆతిథ్యం లభించినది. అక్కడ పండితులతో జరిగిన గోష్ఠులు ఈ దేశపు ప్రాచీన విద్యలను తెలిసికొనవలెనన్న కోరికకు బీజం నాటినవి. కాని కోరిక వేరు, కొలువు వేరు. మొదట పదాతిదళంలోను, పిదప ఇంజనీరుగాను పనిచేస్తూ అతడు కోయంబత్తూరు, దిండిగల్లు, నెల్లూరు, గుంటూరు సీమలలో తిరిగి బాటలను, కనుమలను కొలిచినాడు. మొదటి పదమూడేండ్లు యుద్ధాలలోను, ప్రయాణాలలోను గడచిపోయినవి. తాటాకు చదివి చెప్పే మనిషి దొరకలేదు. చదువు రాని గ్రంథాల గుట్ట ముందు కూర్చున్నవాని స్థితి అతనిది.

1792లో టిప్పు సుల్తానుతో జరిగిన మూడవ మైసూరు యుద్ధం ముగిసినది. కుంఫిణీ వారితో చేయి కలిపిన నిజాం అలీఖానుకు కొన్ని సీమలు దక్కినవి. ఆ ప్రభువుకు తోడుగా ఉన్న ఇంగ్లీషు పటాలంలో ఇంజనీరుగా, నిజాం రాజ్యాన్ని సర్వే చేసే అధికారిగా మెకంజీ నియమితుడైనాడు. ఆ రోజులలో దక్కను మధ్యభాగానికి నమ్మదగిన పటం లేదు. హైదరాబాదుకు పోయే బాటలు, కృష్ణా తుంగభద్రల రేవులు, కొండ కోటలు బాటసారుల మాటలలోనే తప్ప కాగితం మీద కనబడేవి కావు. పరాయి సైన్యానికి చెందినవాడు తమ నేలను కొలుస్తూ ఉంటే స్థానిక అధికారులకు అనుమానం కలుగుట సహజమే. ఒక్కొక్క ఏడు ఒక్కొక్క యుద్ధం వచ్చి పనికి అంతరాయం కలిగించేది. పుదుచ్చేరి ముట్టడికి ఒకసారి, సింహళానికి ఒకసారి పోవలసి వచ్చినది. అయినను పట్టు విడువక, 1796 నాటికి నిజాం రాజ్యపు పటాన్ని సిద్ధం చేసినాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి పునాది పడుటకు శతాబ్దానికి పైగా పూర్వం, సికింద్రాబాదు అనే పేరైనా పుట్టక ముందు, ఈ ప్రాంతానికి రేఖారూపం కల్పించిన పటమది.

ఆనాటి సర్వే ఎట్లు జరిగేదో విద్యార్థులు తెలిసికొనదగినది. మొదట సమతలమైన నేల మీద ఒక రేఖను గొలుసుతో జాగ్రత్తగా కొలుస్తారు. దాని రెండు కొనల నుండి దూరాన ఉన్న ఒక కొండ శిఖరాన్నో, గుడి గోపురాన్నో థియోడొలైట్ అనే కోణాలు కొలిచే యంత్రంతో చూస్తారు. ఒక భుజం, రెండు కోణాలు తెలిసినప్పుడు త్రిభుజంలోని మిగిలిన రెండు భుజాలు లెక్క వలన తేలుతవి. ఆ భుజాన్ని ఆధారంగా చేసుకొని మరియొక త్రిభుజం, దానిపై ఇంకొకటి, ఇట్లు దేశమంతటా వల పన్నినట్లు త్రిభుజాలు అల్లుకొని పోతవి. వాటి నడుమ ఉన్న ఊళ్ళను, చెరువులను, బాటలను చక్రం దొర్లించి కొలిచి నింపుతారు. ఈ లెక్కలన్నిటికిని సంవర్గమాన పట్టికలే ఆధారం. నేపియర్ చరిత్ర కోసం హిందూ గణితం వెదకబోయినవాడు, ఆ నేపియర్ కనుగొన్న సాధనంతోనే హిందూదేశాన్ని కొలిచినాడు.

ఈ ప్రయాణాలలోనే 1794లో అతడు శ్రీశైలం దర్శించినాడు. నల్లమల అడవుల నడుమ ఉన్న ఆ ఆలయ ప్రాకారం మీది శిల్పాలను చూచి ఆశ్చర్యపడినాడు. అతడు వ్రాసిన వర్ణన 1798లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ సంపుటంలో వెలువడినది. కాని ఆ శిల్పాల కథ యేమి, ఆ గుడి ఎవరు కట్టించినారు, గోడమీది శాసనం ఏమి చెప్పుచున్నది అనే ప్రశ్నలకు పటం సమాధానం చెప్పలేదు. నేలను కొలుచుటకు యంత్రమున్నది. మనుష్యుల జ్ఞాపకాన్ని కొలుచుటకు మనుష్యుడే కావలెను.

ఆ మనుష్యుడు 1796లో దొరికినాడు. అతడు ఏలూరు వాస్తవ్యుడు, నియోగి బ్రాహ్మణుడు, కావలి వెంకట బొర్రయ్య. అప్పటికి అతని వయస్సు ఇరువది ఏండ్లు. తెలుగు, సంస్కృతం, ఇంగ్లీషు తెలిసినవాడు. అన్నింటినీ మించి, పల్లెలకు పోయి కరణాలతో, అర్చకులతో, వృద్ధులతో మాట్లాడి విషయం రాబట్టగల నేర్పరి. పాత లిపులు చదువుటలో కూడా అతడు గట్టి ప్రజ్ఞ చూపినాడు. వాడుక తప్పిన హళేకన్నడ లిపిలోని శాసనాలను పోల్చి పోల్చి చదివినాడు. హిందూ విజ్ఞాన ద్వారం తనకు బొర్రయ్య వలననే తెరువబడినదని మెకంజీ తరువాతి కాలంలో వ్రాసిన లేఖలో నిస్సంకోచంగా అంగీకరించినాడు.

1799లో శ్రీరంగపట్టణం పడిపోయినది. ఆ ముట్టడిలో మెకంజీ నిజాం పక్షపు సైన్యానికి ఇంజనీరుగా పనిచేసినాడు. యుద్ధానంతరం మైసూరు రాజ్యాన్ని సర్వే చేసే భారం అతని మీద పడినది. 1809 వరకు సాగిన ఆ పనిలో 40,000 చదరపు మైళ్ళ నేలను కొలిచి పటాలు వ్రాసినారు. ఏడు పెద్ద సంపుటాల వివరణ గ్రంథం తయారైనది. చెన్నపట్నపు సర్వే పాఠశాలలో శిక్షణ పొందిన పిన్న వయస్కులు అతనికి సహాయకులు. కుంఫిణీ అధికారులు ఖర్చు ఎక్కువైనదని జీతాలు కోసినారు. శాస్త్ర పరిశోధనకు కేటాయించిన సొమ్ము తగ్గించినారు. మెకంజీ మాత్రం పండితులకు, లేఖకులకు తన సొంత సొమ్ము నుండి జీతాలిచ్చి పని సాగించినాడు. జీవితం మొత్తం మీద ఇందుకై అతడు వెచ్చించిన ధనం 15,000 పౌండ్ల వరకు ఉండునని ఆనాటివారి అంచనా.

ఇంతలో పిడుగువంటి దెబ్బ తగిలినది. 1803లో బొర్రయ్య మరణించినాడు. అప్పటికి అతనికి 26 ఏండ్లు. ఏడేండ్లలో అతడు నేర్పిన పద్ధతి మాత్రం నిలిచినది. అతని తమ్ముడు కావలి వెంకట లక్ష్మయ్య ఆ స్థానంలో నిలిచి, దక్షిణదేశమంతటా పనివారిని పంపి, వారి నివేదికలు తెప్పించి, సరిచూచి, ఇంగ్లీషులోనికి మార్పించే పెద్ద వ్యవస్థను నడిపినాడు. మరియొక సోదరుడు వెంకట రామస్వామి కూడా ఈ పనిలోనే తర్ఫీదు పొందినాడు.

కైఫీయతు అనేది పారసీకం ద్వారా తెలుగులోనికి వచ్చిన మాట. స్థితిగతుల వివరణ అని దాని అర్థం. గ్రామంలో కరణం వద్ద తరతరాలుగా కవిలెలు ఉండేవి. ఏ రాజు కాలంలో ఊరు వెలసినది, ఎవరు చెరువు త్రవ్వించినారు, ఏ గుడికి ఎంత మాన్యం ఉన్నది, ఏ అగ్రహారం ఎవరికి చెల్లినది, దండు వచ్చి ఊరు పాడుపడినప్పుడు మరల ఎవరు నిలిపినారు, ఇట్టి సంగతులన్నీ ఆ కవిలెలలో ఉండేవి. మెకంజీ మనుష్యులు వాటిని చూచి, ఊరి పెద్దలను అడిగి, ఒక్కొక్క గ్రామానికి ఒక్కొక్క కైఫీయతు వ్రాయించినారు. ఈ పని సులభంగా సాగలేదు. కుంఫిణీ వారు మాన్యాలు లాగుకొనుటకే ఈ లెక్కలు అడుగుచున్నారని జనులు భయపడేవారు. తాళపత్రాలు దాచేవారు. ఆ భయాన్ని నిష్కారణమనలేము. పటం గీయించిన చేయి పన్ను వేసిన చేయి ఒక్కటే కదా! భాష తెలిసిన బొర్రయ్య వంటి వారు నచ్చజెప్పుట వలననే తలుపులు తెరచుకొన్నవి.

పటాలకు, కైఫీయతులకు తోడు మూడవది చిత్రలేఖనం. దాని విలువ అమరావతిలో తేలినది. 18వ శతాబ్దం చివరి దశాబ్దంలో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి విడిచి అమరావతిని రాజధానిగా చేసుకొన్నాడు. క్రొత్త పట్టణానికి రాళ్ళు, ఇటుకలు కావలసి వచ్చినవి. ఊరి ప్రక్కన దీపాలదిన్నె అనే మట్టిదిబ్బను త్రవ్వగా శిల్పాలు చెక్కిన చలువరాతి పలకలు బయటపడినవి. 1797లో ఈ వార్త విని మెకంజీ వచ్చి చూచినాడు. తాను చూచినది ప్రాచీన బౌద్ధ స్తూపమని అతనికి తెలియలేదు. జైనుల కట్టడమని తలచినాడు. దేశంలో బౌద్ధం అంతరించి, దాని చిహ్నాలను గుర్తించగలవారే కరవైన కాలమది. 1816లో మరల వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు త్రవ్వబడి ఉన్నది. ఎన్నో పలకలు గోడలలో, మెట్లలో చేరిపోయినవి. కొన్ని సున్నమైపోయినవి.

అప్పుడు మెకంజీ చేయగలిగిన పని చేసినాడు. తన చిత్రకారులను అక్కడ నిలిపి, మిగిలిన ప్రతి పలకనూ యథాతథంగా గీయించినాడు. స్తూపపు నేలపటం కొలిచి వ్రాయించినాడు. 1818 వరకు ఆ పని సాగినది. ఆ చిత్రాల సంపుటం నేడు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నది. ఆ చిత్రాలలోని శిలలు కొన్ని తరువాత కనబడకుండ పోయినవి. రాయి కాగితం కంటె దృఢమని లోకం నమ్ముతుంది. దీపాలదిన్నె విషయంలో కాగితమే రాతికంటె ఎక్కువ కాలం నిలిచినది. ఒక చిన్న పలక మీద స్తూపాకారం చెక్కి ఉండుట, అటువంటి పలకల చిత్రాలు నిలిచి ఉండుట వలననే ఆ మహాస్తూపం ఎట్లుండెనో పండితులు ఊహింపగలిగినారు.

నడుమ 1811 నుండి రెండేండ్లు మెకంజీ జావా ద్వీపంలో గడిపినాడు. డచ్చివారితో యుద్ధానికి పోయి, అక్కడ కూడా ప్రంబనన్ ఆలయాల శిథిలాలను పరిశీలించినాడు. 1812లో అక్కడనే ఒక డచ్చి కుటుంబపు కన్యను వివాహమాడినాడు. తిరిగి వచ్చిన పిదప 1815లో భారతదేశమంతటికిని మొట్టమొదటి సర్వేయర్ జనరల్ పదవి అతనిని వరించినది. 1816లో చెన్నపట్నంలో థామస్ హిక్కీ అనే చిత్రకారుడు అతని రూపాన్ని వర్ణచిత్రంగా వ్రాసినాడు. ఎర్రని దుస్తులు ధరించిన మెకంజీ ప్రక్కన ముగ్గురు దేశీయులు నిలిచి ఉన్నారు. ఒకరి చేత దూరదర్శిని, ఒకరి చేత తాటాకు గ్రంథం ఉన్నవి. వెనుక దూరాన గోమటేశ్వరుని విగ్రహం కనబడుతుంది. ఆ ముగ్గురిలో ఒకరు కావలి లక్ష్మయ్యయేనని పలువురి అభిప్రాయం. పెద్ద అధికారి తన చిత్రపటంలో సహాయకులకు ఇట్టి చోటిచ్చుట ఆ కాలంలో అరుదు.

1817లో మెకంజీ కలకత్తాకు మారినాడు. లక్ష్మయ్య, మరికొందరు పండితులు వెంట వెళ్ళినారు. సేకరించినదంతా వర్గీకరించి, పట్టిక వ్రాసి, దక్షిణదేశ చరిత్రకు పునాది వేయవలెనని అతని సంకల్పం. కాని అరువది దాటిన దేహం నలభై ఏండ్ల ఎండకు, జ్వరాలకు అప్పటికే సోలిపోయినది. ఆరోగ్యం కోసం గాలి మార్పునకు బయలుదేరి, 1821 మే 8న హుగ్లీ నదిలో పడవ మీదనే ప్రాణం విడిచినాడు. పట్టిక వ్రాయబడలేదు. చరిత్ర మొదలు కాలేదు. కలకత్తా పార్కు వీధి శ్మశానవాటికలో అతనిని సమాధి చేసినారు.

అతడు విడిచిపోయినవాటి లెక్క చూచినవారు విస్తుపోయినారు. సాహిత్య గ్రంథాలు 1,568. స్థానిక చరిత్రలు 2,070. శాసనాల నకళ్ళు 8,076. పటాలు, నక్షాలు 79. చిత్రాలు 2,630. నాణెములు 6,218. గవర్నర్ జనరల్ హేస్టింగ్సు ఆదేశం మేరకు కుంఫిణీ ప్రభుత్వం ఈ సేకరణనంతటిని అతని భార్య వద్ద లక్ష రూపాయలకు కొన్నది. హెచ్. హెచ్. విల్సన్ అనే పండితుడు పట్టిక తయారుచేసి 1828లో రెండు సంపుటాలుగా ప్రకటించినాడు. పిదప సేకరణ చీలిపోయినది. చిత్రాలు, నాణెములు మొదలైనవి లండనుకు పోయినవి. దక్షిణ భాషల వ్రాతలు చెన్నపట్నం చేరినవి.

ఇంతటి పనిని ఇరువది ఏండ్లు నడిపిన లక్ష్మయ్య, మిగిలిన భాగాన్ని తాను పూర్తి చేసెదనని ప్రభుత్వానికి విన్నవించుకొన్నాడు. ఆ విన్నపం కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ అభిప్రాయానికి వెళ్ళినది. విమర్శనాత్మకంగా చరిత్ర వ్రాయగల శక్తి దేశీయునికి ఉండదన్న భావంతో 1836లో వారు దానిని త్రోసిపుచ్చినారు. పని విలియం టేలర్ అనే ఫాదిరీకి అప్పగింపబడినది. వ్రాసినవానికి చదివే అర్హత లేదనుట ఎంత చిత్రం! అయినను కావలి సోదరుల ప్రజ్ఞను ఎవరును దాచలేకపోయినారు. రామస్వామి 1829లో దక్కను కవుల చరిత్రను ఇంగ్లీషులో అచ్చు వేయించినాడు. తెలుగు కవులను గురించి ఇంగ్లీషులో తెలుగువాడు వ్రాసిన గ్రంథాలలో అది తొలితరానికి చెందినది. లక్ష్మయ్య చెన్నపట్నంలో హిందూ సాహిత్య సంఘాన్ని స్థాపించి విద్యావ్యాప్తికి పాటుపడినాడు.

చెన్నపట్నం చేరిన కైఫీయతులను పురుగులు తినసాగినవి. సిరా పాలిపోయి అక్షరాలు కనుమరుగు కాసాగినవి. ఆ సమయంలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ దొర పూనుకొని వాటికి క్రొత్త ప్రతులు వ్రాయించినాడు. ఆ ప్రతులే లోకల్ రికార్డులన్న పేరుతో నిలిచినవి. నేలటూరి వేంకటరమణయ్య వంటి చరిత్రకారులు వాటి నుండి విజయనగర చరిత్రకు విలువైన ఆధారాలు తీసినారు. తార్నాకలోని భాండాగారానికి చేరినవి ఆ వరుసలోని ప్రతులే. కడపలోని బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఆ జిల్లా కైఫీయతులను సంపుటాలుగా అచ్చు వేసినది.

కైఫీయతులో ఉన్నదంతా చరిత్ర కాదు. పురాణగాథ, వంశగౌరవం, కరణం ఊహ, మాన్యం నిలుపుకొనవలెనన్న కోరిక అందులో కలిసి ఉంటవి. ఊరిలోని శాసనంతో, నాణెంతో పోల్చి చూచిన పిదపనే దానిని ఆధారంగా గ్రహింపవలెను. మెకంజీ శాసనాల నకళ్ళు, నాణెములు కూడా ప్రక్కనే చేర్చిపెట్టుటలోని వివేకం ఇదే. ఇంకొక సంగతి కూడ మరువరాదు. అతడు పటాలు వ్రాసినది ముందుగా సైన్యం కోసం, శిస్తు కోసం. తెలుగు దేశం పరాధీనమగుటకు ఆ పటాలు తోడ్పడినవి. ఆ కొలువులో ఉంటూనే, కొలువు కోరని పనికి తన ధనాన్ని, ఆరోగ్యాన్ని వెచ్చించుట అతని విశిష్టత. రెండింటినీ కలిపి చూచినప్పుడే అతని జీవితం యథార్థంగా తెలుస్తుంది.

2017లో మెకంజీ జన్మస్థలమైన స్టోర్నొవేలో అతని సేకరణలు ప్రదర్శింపబడినవి. మన విద్యార్థులకు అంత దూరం పోవలసిన పని లేదు. సాంఘికశాస్త్రం బోధించే ఉపాధ్యాయుడు తన ఊరి కైఫీయతు ప్రతిని సంపాదించి తరగతిలో చదివించినచో, అందులోని చెరువు నేడు ఉన్నదా, గుడి శాసనం నిలిచి ఉన్నదా, ఆ పేటకు ఆ పేరెందుకు వచ్చినదని బాలురు, బాలికలు స్వయంగా వెదకగలరు. రెండు వందల ఏండ్ల క్రిందట బొర్రయ్య ఊరూర తిరిగి అడిగిన ప్రశ్నలు ఇవే. వాటికి జవాబు చెప్పిన కరణాలలో, వృద్ధులలో పెక్కుమంది పేర్లు ఎక్కడా వ్రాయబడలేదు. వారు చెప్పిన మాటలు మాత్రం తార్నాకలో బీరువాల నడుమ చదివేవారి కోసం వేచి ఉన్నవి.